కిరాణా కొట్లో యూపీఐ, సౌండ్‌బాక్స్: గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. పోయిన ఆ ఒక్క స్టారు ఎందుకు పోయిందో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను, కొంచెం ఓపిగ్గా చదవండి. తెనాలిలో మాది కిరాణా కొట్టు, నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేను, మా ఆవిడ చూసుకుంటున్నాం. కౌంటర్ మీద క్యూఆర్ స్టాండు, దాని పక్కన సౌండ్‌బాక్స్, పొద్దున పాలప్యాకెట్లతో మొదలుపెట్టి రాత్రి షట్టర్ దించేదాకా అది అరుస్తూనే ఉంటుంది. ఏ కంపెనీ డబ్బా అని మాత్రం అడగొద్దు, నేను ఒకటికి రెండు మార్చి చూశాను, పనిలో పెద్ద తేడా ఏం లేదు. అందుకే ఈ రివ్యూ మొత్తం యూపీఐ అనే సర్వీసు గురించి అనుకోండి. మాలాంటి చిన్న వ్యాపారానికి అది ఏం చేసింది, ఏం చెయ్యలేదు, దేశం ఎదుగుతోంది అంటున్నారు కదా ఆ ఎదుగుదల మా కౌంటర్ దాకా ఎంత వచ్చింది అన్నది చెబుతాను.

ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2008లో పెట్టిన ఎన్‌పీసీఐ అనే సంస్థ, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపేది, 2016 ఏప్రిల్‌లో యూపీఐని మొదలుపెట్టింది. అంతకుముందు వాలెట్లు ఉండేవి, వాటిలో ముందు డబ్బు వేసుకోవాలి, ఆ వాలెట్ ఉన్నవాళ్ళకే పంపాలి, మళ్ళీ బ్యాంకులోకి తెచ్చుకోవాలంటే ఛార్జీ. యూపీఐలో డబ్బు మధ్యలో ఎక్కడా ఆగదు, వాళ్ళ బ్యాంకు ఖాతాలో తగ్గుతుంది, మన బ్యాంకు ఖాతాలో పెరుగుతుంది, కస్టమర్ ఏ యాప్ వాడినా నా స్టిక్కర్ ఒక్కటే. నా దృష్టిలో మొత్తం సిస్టంలో గొప్ప నిర్ణయం ఇదే. యాప్‌ల వాళ్ళు తమలో తాము కొట్టుకున్నా కస్టమరూ కొట్టువాడూ విడిపోకుండా చేశారు. సౌండ్‌బాక్స్ లోపల ఒక సిమ్, ఒక బ్యాటరీ, ఒక స్పీకరు ఉంటాయి, అంతే, డబ్బు పడిందన్న కబురు సర్వర్ నుంచి వస్తే అది తెలుగులో చదువుతుంది.

ఆ తెలుగులో చదవడం అన్నది చిన్న విషయం అనుకుంటారు, కాదండి. సౌండ్‌బాక్స్ రాకముందు ఏం జరిగేదంటే సాయంత్రం ఆరు, ఏడు మధ్య కొట్టు ముందు పదిమంది ఉంటారు, ఒకడు ఉప్మారవ్వ, ఒకడు షాంపూ, ఒకామె అరకేజీ మినప్పప్పు, చేతులు త్రాసు మీద ఉంటాయి, వాళ్ళేమో ఫోన్ మొహం మీద పెట్టి కొట్టేశానండి అంటారు, పచ్చ రంగు టిక్ మార్కు కనపడుతుంది, అది ఇవాళ్టిదో నిన్నటి స్క్రీన్‌షాటో చూసే టైం ఎక్కడిది. నా ఫోన్ మెసేజ్ ఏమో పది నిమిషాలకి వచ్చేది. మనవాళ్ళని అనుమానించి చూపించు బాబూ అని అడిగితే వాళ్ళకి కోపం, అడక్కపోతే నాకు నష్టం, ఆ ఇబ్బందిని ఈ డబ్బా తీసేసింది. నూట నలభై రూపాయలు అందాయి అని అది అందరి ముందూ అరిస్తే అటు మర్యాదకీ ఇటు లెక్కకీ రెండింటికీ సరిపోయింది. మా అమ్మకి చూపు తగ్గింది, స్మార్ట్‌ఫోన్ చూడలేదు, అయినా మధ్యాహ్నం రెండు గంటలు తనే కౌంటర్లో కూర్చుంటుంది, చెవులు బాగా పనిచేస్తాయి కాబట్టి. మన బజారు నోటిమాట మీద నడిచే బజారు, గోల ఎక్కువ, చదవడం కష్టమైనవాళ్ళు చాలామంది, అందుకే ఇక్కడ మాట్లాడే డబ్బా వచ్చింది, వచ్చి నిలబడింది.

చిల్లర సంగతి కూడా చెప్పాలి. ఇదివరకు మూడు రూపాయలు తిరిగి ఇవ్వాలంటే చాక్లెట్ పెట్టేవాళ్ళం, కస్టమర్ తిట్టుకుంటూ తీసుకునేవాడు, చిల్లర కోసం గుడి దగ్గరకీ బస్సు కండక్టర్ల దగ్గరకీ వెళ్ళి కమీషన్ ఇచ్చి తెచ్చుకున్న రోజులు ఉన్నాయి. ఇప్పుడు ముప్ఫై ఏడు అంటే ముప్ఫై ఏడే కొడతారు. మా కొట్లో చాక్లెట్ల సేల్ తగ్గింది, దానికి బాధ లేదు.

ఇంత తొందరగా ఎలా అలవాటైంది అని చాలామంది అడుగుతుంటారు. కారణాలు అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాయి, ఆధార్‌తో ఖాతా తెరవడం తేలికైంది, 2016 ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా రేటు పడిపోయింది, నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్ల రద్దు, అంటే చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఒక్క రాత్రిలో ఆగిపోయింది. ఆ నెలలు మేము ఎలా గడిపామో ఇప్పుడు తలుచుకున్నా గుండె దడే, అరువు మీదే ఊరంతా బతికింది. ఆ అవసరంలో క్యూఆర్ చాలామంది కొట్ల గోడెక్కింది. 2023 ఆగస్టులో మొదటిసారి ఒక నెలలో 1000 కోట్ల లావాదేవీలు దాటాయి, రెండేళ్ళకి 2025 ఆగస్టులో 2000 కోట్లు. కానీ ఇదే సమయంలో నోట్లు తగ్గాయా అంటే లేదు, 2016 మార్చిలో చలామణిలో ఉన్నవి 16.5 లక్షల కోట్ల చుట్టూ ఉంటే 2024 మార్చికి 35 లక్షల కోట్ల దగ్గరికి వెళ్ళాయి. రెండూ పెరిగాయి. బజారులో ఖర్చు పెట్టేది ఫోన్ నుంచి, ఇంట్లో దాచుకునేది నోట్లు. మా కౌంటర్లో రోజూ కనపడేది కూడా సరిగ్గా ఇదే.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఎందుకంటే ఇది మన ఒక్కరి కథ కాదు. ఈ క్యూఆర్ కోడ్ ఉంది చూశారూ, దాన్ని కనిపెట్టింది జపాన్‌లో, 1994లో డెన్సో వేవ్ అనే కంపెనీ కారు పార్టుల లెక్క కోసం తయారుచేసింది. అదే జపాన్‌లో జనం చాలాకాలం నోట్లు, నాణేలే వాడారు, 2025 కల్లా చెల్లింపుల్లో 40 శాతం క్యాష్ లేకుండా జరగాలని అక్కడి ప్రభుత్వం టార్గెట్ పెట్టుకోవాల్సి వచ్చింది, 2024లో గానీ దాన్ని దాటలేదు. అంటే వస్తువు వాళ్ళదే, తెలివి వాళ్ళదే, వాడకం మాత్రం ఆలస్యం. దొంగతనాలు తక్కువ, నోట్లు శుభ్రం, ఏ మూలకెళ్ళినా ఏటీఎం, క్యాష్ వాళ్ళని ఇబ్బంది పెట్టలేదు కాబట్టి మారాల్సిన తొందర రాలేదు. క్యాష్ మీదే ఉండి కూడా వాళ్ళు మనకంటే ఎంతో ధనిక దేశం అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి, స్కాన్ చేస్తేనే దేశం ఎదుగుతుంది అనేవాళ్ళు ముఖ్యంగా.

కెన్యాలో ఇంకో రకం. 2007 మార్చిలో సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ ఎం-పెసా అనే డబ్బు పంపే సర్వీసు తెచ్చింది, మామూలు బటన్ ఫోన్ మీద నడిచేది. నైరోబీలో పనిచేసే కొడుకు ఊళ్ళో అమ్మానాన్నలకి డబ్బు పంపాలి, అది అక్కడ తప్పనిసరి బాధ్యత, బ్యాంకు బ్రాంచి ఏమో ఊరికి దూరం, బస్సు డ్రైవర్ చేతికి కవరు ఇచ్చి పంపే అలవాటు ఉంది, ఆ అలవాటునే ఫోన్‌లోకి తెచ్చారు, దేశమంతా అల్లుకుపోయింది. అదే ఎం-పెసాని 2010లో దక్షిణాఫ్రికాలో వోడాకామ్ అనే ఫోన్ కంపెనీ మొదలుపెట్టింది, 2016లో మూసేసింది. అక్కడ జనానికి బ్యాంకు ఖాతాలు ముందే ఉన్నాయి, రూల్స్ గట్టిగా ఉన్నాయి, కొత్తదాని అవసరం పడలేదు. చైనాలో 2014 కొత్త సంవత్సరానికి వీచాట్ వాళ్ళు ఎర్ర కవర్లలో డబ్బు పెట్టి ఇచ్చే ఆచారాన్ని యాప్‌లో పెట్టారు, పండగ రోజుల్లో జనం తమంతట తాము బ్యాంకు ఖాతాలు జోడించుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన చదివింపులే గుర్తొచ్చాయి. మొన్న మా వాళ్ళ పెళ్ళిలో చదివింపులు రాసే బల్ల మీద నోటుబుక్ పక్కన క్యూఆర్ పెట్టారు. ఫోన్‌లో పంపినవాళ్ళు కూడా వెయ్యి పంపలేదండి, వెయ్యిన్నూట పదహార్లే పంపారు, రాసేవాడు ఎప్పట్లాగే పేరు, ఊరు, మొత్తం పైకి చదివి బుక్కులో రాశాడు. ఆచారం ఎక్కడా మారలేదు, కవరు మాత్రమే పోయింది.

దేశాల అలవాట్లకి మార్కులు వేసినాయన ఒకాయన ఉండేవాడు, నెదర్లాండ్స్‌కి చెందిన గీర్ట్ హాఫ్‌స్టెడ్. ఐబీఎం కంపెనీకి రకరకాల దేశాల్లో ఉన్న ఉద్యోగుల్ని ప్రశ్నలడిగి, తెలియనిదానికి భయపడే గుణం ఏ దేశంలో ఎంత అని కూడా లెక్కగట్టాడు. ఆ స్కోరు జపాన్‌కి 92, జర్మనీకి 65, ఇండియాకి 40, సింగపూర్‌కి 8. మనవాళ్ళు కొత్తదానికి పెద్దగా జంకరు అని ఆ లెక్క చెబుతుంది, యూపీఐ విషయంలో చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ నేను దీన్ని సగమే ఒప్పుకుంటా. ఐబీఎంలో ఉద్యోగం చేసేవాడి మనసూ మా వీధిలో కూరగాయలమ్మే ఆమె మనసూ ఒకటి కాదు, పైగా ఒకే మనిషి ఒక విషయంలో ధైర్యంగా, ఇంకో విషయంలో మహా జాగ్రత్తగా ఉంటాడు. పది రూపాయల కొత్తిమీరకి స్కాన్ చేసే మనిషి కూతురి పెళ్ళి డబ్బు బంగారంలోనే పెడతాడు. దేశానికంతా కలిపి ఒక నంబరు అంటే ఈ తేడా అందులో కనపడదు.

ఆ తేడా చూడాలంటే ఆడవాళ్ళు డబ్బు ఎలా ఇస్తున్నారో చూడాలి. మా కొట్టుకొచ్చే ఒకామె, పేరెందుకు గానీ, సరుకులు నాలుగొందలైతే రెండొందలు స్కాన్ చేస్తుంది, రెండొందలు క్యాష్ ఇస్తుంది. ఇంకోసారి సరుకు రెండొందలే, నాలుగొందలు కొట్టి మిగతా రెండొందలు నోట్లుగా ఇవ్వమంది. ఖాతా భర్తది, మెసేజ్ భర్త ఫోన్‌కి వెళ్తుంది, కిరాణా నాలుగొందలు అని కనపడుతుంది, రెండొందలు పోపుల డబ్బాలోకి వెళ్తాయి. తప్పేముంది చెప్పండి, తరతరాలుగా ఇంటి ఆడవాళ్ళకి సొంతంగా ఉన్న ఒకే ఒక్క బ్యాంకు అది. పిల్లాడి ఫీజుకీ, పుట్టింట్లో అవసరానికీ, అర్ధరాత్రి ఆసుపత్రికీ అదే ఆధారం. నోట్లరద్దు అప్పుడు ఆ డబ్బాలన్నీ బయటపడి ఎన్ని ఇళ్ళల్లో గొడవలయ్యాయో మాకు తెలుసు. ఇప్పుడు యూపీఐలో ప్రతి రూపాయికీ టైముతో సహా రికార్డు ఉంటుంది, ఆ రికార్డు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళది. జన్‌ధన్ ఖాతాల్లో సగానికి పైగా ఆడవాళ్ళ పేరు మీదే ఉన్నాయి, మంచిదే, కానీ ఆ ఖాతాకి జోడించిన ఫోన్ నంబర్ ఎవరిది అన్నదే అసలు ప్రశ్న. డ్వాక్రా గ్రూపుల వాళ్ళు పొదుపు చేసి, అప్పు తీసుకుని, తిరిగి కట్టడంలో ఎంత గట్టివాళ్ళో మా రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు, ఆ ఆడవాళ్ళకి సొంత ఫోన్, సొంత పిన్ ఉంటే ఈ సర్వీసు విలువ రెట్టింపు అవుతుంది అని నా గట్టి నమ్మకం.

ఇంకొన్ని అలవాట్లు ఉన్నాయి. బోణీ మాత్రం ఇప్పటికీ నోటే, మొదటి కస్టమర్ ఫోన్ తీస్తే మా వీధిలో సగం మంది కొట్లవాళ్ళు బోణీ అండీ, క్యాష్ ఉంటే ఇవ్వండి అంటారు, ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేస్తారు. నేనూ అంతే. శుక్రవారం డబ్బు బయటికి పంపకూడదు అని నమ్మేవాళ్ళు యూపీఐలో కూడా శుక్రవారం పంపరు, హోల్‌సేల్ కొట్లో గుమస్తా శుక్రవారం అడిగితే శనివారం పొద్దున్నే కొడతాలే అంటారు, గుమస్తా కూడా సరేనంటాడు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. పెద్దవాళ్ళు ఫోన్ నా చేతికిచ్చి బాబూ పిన్ ఫలానా, నువ్వే నొక్కు అనడం మాత్రం నాకు భయంగా ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పినా నిన్ను నమ్మకపోతే ఎవర్ని నమ్ముతాం రా అంటారు, ఆ మాట మోసగాడికి కూడా అంటారు కదా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఆ ఒక్క స్టారు. డబ్బు చేతులు మారడం సులువైనంత మాత్రాన వ్యాపారం పెరగదు. కస్టమర్ నోటు ఇచ్చినా స్కాన్ చేసినా నేను అమ్మింది అదే కేజీ కందిపప్పు. టైము మిగిలింది, చిల్లర బాధ పోయింది, దొంగనోటు భయం పోయింది, బ్యాంకుకెళ్ళి క్యాష్ కట్టే పని తగ్గింది, ఇవన్నీ నిజం. కానీ వ్యాపారం పెరగాలంటే సరుకు ఎక్కువ పెట్టాలి, ఫ్రిజ్ కొనాలి, సంక్రాంతికి ముందు బెల్లం, నూనె ఒకేసారి దింపుకోవాలి, దానికి పెట్టుబడి కావాలి. మాలాంటివాళ్ళకి ఆ పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందో తెలుసా, డైలీ ఫైనాన్స్. పదివేలు అని రాసుకుని చేతికి తొమ్మిది వేలిస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. రోజూ కడుతూ ఉంటాం కాబట్టి మన చేతిలో సగటున ఉండేది అందులో సగమే, లెక్కేస్తే ఏడాదికి నూటికి డెబ్బై ఐదు పైనే పడుతుంది వడ్డీ. 2015 డిసెంబర్‌లో విజయవాడలో కాల్ మనీ గొడవ, అంటే ఫోన్ చేస్తే చాలు అప్పిచ్చి ఎక్కువ వడ్డీకి వేధించి వసూలు చేసే వ్యాపారం, బయటపడినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది గానీ బజారులో ఉన్నవాళ్ళకి ఆశ్చర్యం లేదు.

నా యూపీఐ లెక్క చూడండి, ఏ రోజు ఎంత వచ్చింది, పండక్కి ఎంత పెరిగింది, వానాకాలం ఎంత తగ్గింది, ఏళ్ళ తరబడి రూపాయితో సహా ఉంది. అరువు పుస్తకం నాన్నగారి టైములో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఇప్పుడు రికార్డు బ్యాంకు దగ్గరే ఉంది. అది చూసి అప్పు ఇవ్వాలి కదా. నేను ఒక బ్యాంకుకి వెళ్ళాను, స్టేట్‌మెంట్ ప్రింటు తీసి తీసుకెళ్ళా, ఆయన పేజీలు తిరగేసి కూడా చూడలేదు, ఇంటి కాగితాలు ఉన్నాయా, గవర్నమెంట్ ఉద్యోగి ఎవరైనా షూరిటీ ఉంటారా అని అడిగాడు. ముద్ర లోన్ల పథకం 2015 ఏప్రిల్ నుంచి ఉంది, పది లక్షల వరకూ తాకట్టు లేకుండా ఇవ్వాలని రూల్, అయినా మనిషి మనసులో తాకట్టే ఉంది. మాకు ఇంట్లో బంగారం పెడితే అరగంటలో డబ్బు వస్తుంది, ఏళ్ళ రికార్డు పెడితే రాదు. టెక్నాలజీ మారింది, బ్యాంకు కుర్చీలో ఉన్న అలవాటు మారలేదు, స్టారు అక్కడ పోయింది.

మంచి ఉదాహరణ లేకపోలేదు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి కింద తోపుడుబండ్ల వాళ్ళకి మొదట 10,000, కట్టేస్తే 20,000, తర్వాత 50,000 ఇచ్చేలా పెట్టారు, యూపీఐలో డబ్బు తీసుకుంటే క్యాష్‌బ్యాక్ కూడా. మా ఎదురుగా అరటిపళ్ళ బండి ఆయన మొదటిది తీరుస్తూనే రెండోది తీసుకున్నాడు, ఇప్పుడు అరటితో పాటు బత్తాయి, దానిమ్మ పెడుతున్నాడు. పొద్దున వడ్డీకి తెచ్చి సాయంత్రం కట్టే బాధ తప్పింది ఆయనకి. నేను చూసినంతలో యూపీఐ వల్ల ఎదుగుదల అంటే అది, ఆ బండి మీద కొత్తగా వచ్చిన రెండు బుట్టలు.

చెడు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2020 లాక్‌డౌన్ తర్వాత ఫోన్‌లో నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌లు వచ్చాయి, కట్టడం ఆలస్యమైతే ఫోన్‌లో ఉన్న కాంటాక్టులందరికీ, అత్తగారికీ ఆఫీసు మేనేజర్‌కీ, వీడు దొంగ అని ఫోటోతో మెసేజ్‌లు పంపేవాళ్ళు. ఆ డిసెంబర్‌లో తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్ళు ఉన్నారు, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. మన పరువునే వాళ్ళు తాకట్టు పెట్టుకున్నారు. పరువు కోసం ఎలాగైనా కడతారు అని తెలిసి కట్టిన వ్యాపారం అది. ఒకే ఫోన్, ఒకే ఇంటర్నెట్, ఒకే జనం, ఒకచోట బత్తాయి బుట్టలు, ఇంకోచోట శవాలు. అందుకే టెక్నాలజీ వస్తే అభివృద్ధి దానంతటదే వస్తుంది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పన్ను భయం ఇంకొకటి. 2025 జులైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ళు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు పంపింది, వెంటనే బెంగళూరులో టీ కొట్లు, కూరగాయల వాళ్ళు యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే అని బోర్డులు పెట్టారు. సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షలు, సర్వీసు అయితే 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి, అందులో కూరగాయలు, పాలు లాంటివాటికి పన్నే లేదు, కానీ ఖాతాలో పడినదంతా అమ్మకమే అనుకుంటే ఎలా. మా ఖాతాలో చిట్టీ పాడిన డబ్బు పడుతుంది, చెల్లెలు పంపిన డబ్బు పడుతుంది, పక్క కొట్టాయన స్కానర్ పాడైతే ఆయన కస్టమర్ డబ్బు కూడా నాకే పడుతుంది, నేను క్యాష్ ఇచ్చేస్తా. పన్ను కట్టొద్దని నేను అనను, కట్టాలి, కడుతున్నాను. ముందు కూర్చోబెట్టి చెప్పి, లెక్క రాయడం నేర్పి, తర్వాత నోటీసు పంపితే జనం సిస్టంలో ఉంటారు, ముందే నోటీసు పంపితే ఏళ్ళ తరబడి కట్టుకున్న నమ్మకం వారంలో పోతుంది, బెంగళూరులో పోయింది కూడా.

సర్వీసులో లోపాలు తొందరగా చెప్పేస్తా. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ ఆగిపోయింది, కౌంటర్లో సరుకు కట్టిపెట్టుకుని జనం నిలబడ్డారు, తెలిసినవాళ్ళకి అరువు రాసుకున్నా, తెలియనివాళ్ళు వదిలేసి వెళ్ళారు. కస్టమర్ ఖాతాలో కట్ అయ్యి మాకు రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే రూల్ పెట్టింది, ఈ సంగతి కస్టమర్లకి తెలియదు, మాతో గొడవ పడతారు, దయచేసి గుర్తుపెట్టుకోండి. ఎవరో మోసగాడు మన దగ్గర సబ్బు కొంటే ఆ డబ్బు దారి పట్టుకుని కొట్టువాడి ఖాతా మొత్తం ఫ్రీజ్ చేసిన కేసులు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి, ఇది ఘోరం, అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలి గానీ సరుకు డబ్బులన్నీ ఆపితే కొట్టు మూసుకోవాలా. ఇంకోటి, రెండు యాప్‌ల చేతిలోనే సుమారు ఎనభై శాతం లావాదేవీలు ఉన్నాయి, ఒక్కో యాప్‌కి 30 శాతం దాటకూడదని ఎన్‌పీసీఐ పెట్టిన గడువు వెనక్కి జరుగుతూ 2026 చివరికి వెళ్ళింది.

డబ్బా అద్దె సంగతి. యూపీఐ మీద 2020 జనవరి 1 నుంచి వ్యాపారికి కమీషన్ సున్నా, చాలా మంచి పని, రూపాయి కమీషన్ ఉన్నా మా వీధిలో ఎవడూ స్టిక్కర్ పెట్టేవాడు కాదు, బేరం ఆడే మనస్తత్వం మనది, పావలా కూడా లెక్కే. కానీ ఉచితంగా నడిపేవాళ్ళకి డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా, ప్రభుత్వం చిన్న వ్యాపారుల దగ్గర 2000 లోపు లావాదేవీలకి 0.15 శాతం ప్రోత్సాహకంగా 2024-25కి 1,500 కోట్లు కేటాయించింది, మిగతాది కంపెనీలు సౌండ్‌బాక్స్ అద్దె రూపంలో, మాకు అప్పులమ్మడం రూపంలో రాబట్టుకుంటాయి. నాకు నెలకి వంద పైన కట్ అవుతుంది. అది ఇవ్వడానికి బాధ లేదు, ఇంతకుముందు వాడిన డబ్బా తిరిగి ఇచ్చేశాక కూడా అద్దె కట్ అవుతూనే ఉంటే ఆపించడానికి కస్టమర్ కేర్ చుట్టూ తిరగడమే బాధ, ఆ కంపెనీ పేరు వద్దులెండి.

కొత్తగా తీసుకోవాలనుకునే కొట్లవాళ్ళకి నేను చెప్పేది ఇది. ఇంటి ఖాతా, కొట్టు ఖాతా వేరు చేసుకోండి, చిట్టీ డబ్బులు, బంధువుల డబ్బులు కొట్టు ఖాతాలో పడనివ్వకండి, రేపు నోటీసు వచ్చినా లోన్‌కి వెళ్ళినా అదే కాపాడుతుంది. సౌండ్‌బాక్స్ ఇచ్చే కుర్రాడు సంతకం పెట్టమన్నప్పుడు అద్దె ఎంత, ఎప్పుడు కట్ అవుతుంది, వద్దంటే ఎలా ఆపాలి అన్నవి వాట్సాప్‌లో రాసి పంపమనండి. మీ కొట్లో ఏ సిమ్‌కి సిగ్నల్ బాగా వస్తుందో చూసి ఆ సిమ్ ఉన్న డబ్బానే అడగండి, లేదంటే కబురు ఆలస్యంగా వచ్చి గొడవలవుతాయి. క్యూఆర్ స్టిక్కర్ కొట్టు బయట అంటించకండి, రాత్రి ఎవడో పైన వాడిది అంటించి పోతాడు, రోజూ పొద్దున బోణీకి ముందు సొంత ఫోన్‌తో ఒక రూపాయి కొట్టి చూసుకోండి. మీ ఇంట్లో ఆడవాళ్ళు కౌంటర్లో కూర్చుంటుంటే ఖాతా, ఫోన్ వాళ్ళ పేరు మీదే పెట్టండి, మేము మా ఆవిడ పేరు మీదకి మార్చాం, ఇప్పుడు లోన్ కాగితాలు కూడా తన పేరుతోనే ఇంకో బ్యాంకులో పెట్టాం. ఆ లోన్ వస్తే మిగిలిన ఆ ఒక్క స్టారు కూడా ఇచ్చేసి ఈ రివ్యూ మారుస్తాను.